రణభూమిలోని లోహశకలములు: చరిత్రకు వాని సాక్ష్యము

చరిత్ర రచనకు ఆధారము లెవ్వి యని మన విద్యార్థులను ప్రశ్నించినచో, శాసనములు, తామ్రపత్రములు, నాణెములు, కైఫీయతులు, కావ్యావతారికలు, విదేశీయుల యాత్రాకథనములు అని వరుసగా చెప్పుదురు. ఈ పట్టికలో సాధారణముగా చేరని మరియొక ఆధారవర్గము గడచిన నాలుగు దశాబ్దులలో పాశ్చాత్య దేశములందు మిక్కిలి పెంపొందినది. అది యుద్ధభూములలో మట్టి క్రింద మిగిలిన లోహశకలముల వర్గము. సిపాయి టోపీ నుండి రాలిన పటాలపు బిళ్ళ, చొక్కాబొత్తాము, తోలుపట్టీ కొక్కెము, పేల్చిన తూటా తొడుగు, అణగిపోయిన సీసపు గుండు - ఇట్టివన్నియు ఈ వర్గములోనివి. వీనిని వెదకి తీయుటకు సాధనము లోహశోధక యంత్రము.

ఈ వస్తువులను సేకరించు వేడుక చాలమందికి కలదు. వేడుక వేరు, ఆధారము వేరు. ఒక బిళ్ళ ఏ నియమములకు లోబడినప్పుడు చరిత్రకు సాక్ష్యమగును? ఏ లోపమువలన సాక్ష్యము కాక వట్టి వస్తువుగా మిగిలిపోవును? ఈ ప్రశ్నలను మూడు ప్రసిద్ధ యుద్ధభూముల ఉదాహరణములతో పరిశీలించి, అందలి ఫలితము మన ప్రాంతపు యుద్ధకథల పరిశోధన కెట్లు పనికివచ్చునో సూచించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

యంత్రము

లోహశోధక యంత్రము పని తీరు కఠినమైనది కాదు. ఒక తీగచుట్టలో దిశ మారుచుండు విద్యుత్తును ప్రవహింపజేసినచో దానిచుట్టు అయస్కాంత క్షేత్ర మేర్పడును. ఆ క్షేత్రములో లోహ మున్నచో అందు చిన్న విద్యుత్ప్రవాహములు సుడులుగా పుట్టి, తమ సొంత క్షేత్రమును కల్పించును. ఆ మార్పును మరియొక తీగచుట్ట గ్రహించి ధ్వనిగా మార్చును. చిన్న బొత్తామువంటి వస్తువును సామాన్యముగా ఒక జానెడు లోతువరకు మాత్రమే ఈ యంత్రము పసిగట్టగలదు. నేలలో లవణములు, ఇనుపరాయి ఎక్కువైనచో ఆ శక్తియు తగ్గును.

దీని చరిత్రయు యుద్ధముతోను గాయముతోను ముడిపడియున్నది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డుపై తుపాకి కాల్పులు జరిగినప్పుడు, ఆయన దేహములో చిక్కుకొన్న గుండును కనుగొనుటకు టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి పరికరము నొకదానిని ప్రయోగించెను. పరుపులోని ఉక్కుచుట్టలును అడ్డువచ్చుటచే ఆ ప్రయత్నము ఫలింపలేదు. 1937లో గెర్హార్డ్ ఫిషర్ అమెరికాలో లోహశోధక యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పోలిష్ సైన్యాధికారి యూజెఫ్ కొసాట్స్కి మందుపాతరలను కనుగొను యంత్రమును రూపొందించెను. 1942లో ఎల్ అలమైన్ యుద్ధమున బ్రిటిషు సేనలు దానిని విరివిగా ఉపయోగించినవి. ప్రాణములు తీయు లోహమును వెదకుటకు పుట్టిన యంత్రము నేడు ప్రాణములు కోల్పోయినవారి గుర్తులను వెదకుటకు పనికివచ్చుచున్నది.

బిళ్ళ తనంత తాను చెప్పగలది

స్థలమును గూర్చి విచారింపకముందు, వస్తువు తనంత తాను ఏమి చెప్పగలదో నిర్ణయించుకొనవలెను. పటాలపు బిళ్ళపై సామాన్యముగా ఒక సంఖ్య, ఒక చిహ్నము, ఒక కిరీటము ఉండును. వీనిలో ప్రతిదానికిని కాలపరిమితి కలదు. బ్రిటిషు సైనిక చిహ్నములపై ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున రాజుల కాలమందు వాడిన కిరీటము ఒక ఆకృతిలో నుండగా, రెండవ ఎలిజబెత్ రాణి కాలమున వాడినది మరియొక ఆకృతిలో నుండెను. కావున కిరీటపు వంపును చూచి బిళ్ళ 1953కు పూర్వపుదో తరువాతిదో చాలవరకు చెప్పవచ్చును.

సంఖ్యలు ఇంకను ఉపకరించును. 1903లో భారత సైన్యమును పునర్వ్యవస్థీకరించినప్పుడు మద్రాసు పదాతి దళముల సంఖ్యలకు 60 చేర్చిరి. అంతకుముందు 19వ మద్రాసు పదాతి దళముగా నున్నది 79వ కర్ణాటిక్ పదాతి దళమైనది. తెలుగువారును తమిళులును కలిసి పనిచేసిన మద్రాసు సేనకు సంబంధించిన బిళ్ళ దొరకినచో, దానిపై సంఖ్య ఏ వరుసలోనిదో చూచి 1903కు ఏవైపుదో నిర్ణయింపవచ్చును. 1922లో మరల దళముల సంఖ్యలు మారినవి. ఈ విధముగా శాసనలిపిని బట్టి కాలనిర్ణయము చేయునట్లే బిళ్ళనుబట్టియు చేయవచ్చును.

కాని ఇంతటితోనే వస్తువు పలుకుబడి ముగియును. బిళ్ళ ఎవరిదో చెప్పగలదు గాని, దానిని ఎవరు అక్కడ పడవేసిరో చెప్పలేదు. సిపాయిలు తమ బిళ్ళలను ఇతర పటాలములవారితో మార్చుకొనుట కలదు. గెలిచినవారు చచ్చినవారి గుర్తులను జ్ఞాపకార్థము తీసికొనిపోవుట అంతకంటె ఎక్కువగా కలదు. సేకరణదారుల విపణి పెరిగిన పిదప పాత అచ్చులతో క్రొత్తగా పోసిన నకళ్ళును వచ్చినవి. దుకాణమునుండి వచ్చిన బిళ్ళ నిజమైనదే అయినను, అది ఏ చేనిలో, ఎంత లోతున, వేని ప్రక్కన నుండెనో తెలియనప్పుడు మూలము తెలియని శాసనపు నకలువంటిదే.

లిటిల్ బిగ్ హార్న్: స్థానము పలికిన విధము

స్థానమే సాక్ష్య మను సూత్రమును లోకమునకు స్పష్టముగా చూపిన పరిశోధన అమెరికాలో మొంటానా రాష్ట్రమందలి లిటిల్ బిగ్ హార్న్ యుద్ధభూమిలో జరిగినది. 1876 జూన్ 25న అమెరికా 7వ ఆశ్వికదళమునకు చెందిన లెఫ్టినెంట్ కర్నల్ కస్టర్, లకోటా, షాయెన్, అరపహో జాతుల మహానివేశముపై దాడి వెడలెను. ఆయన వెంట స్వయముగా నడచిన ఐదు కంపెనీలలోని సుమారు 210 మంది ఒక్కరును మిగులక హతులైరి. సేనాపక్షమున ఆ గుట్టలపై జరిగినది చెప్పుటకు ప్రాణముతో ఎవ్వరును లేరైరి.

చెప్పగలవారు లేకపోలేదు. గెలిచినవారు వందలకొలది ఉండిరి. లకోటా నాయకుడు గాల్ 1886లో పదవ వార్షికోత్సవ సందర్భమున ఆ భూమికి వచ్చి యుద్ధగతిని వివరించెను. ఇతర యోధులును, స్త్రీలును తాము చూచినది చెప్పిరి. వారి మాటలలో ఒక అంశము పలుమారు వచ్చినది: ఒక దశ తరువాత సైనికుల వరుసలు చెదరినవి, వారు గుంపులుగా కూడి పరుగెత్తిరి, తుదిఘట్టము త్వరలో ముగిసినది. ఈ మాట చాలమంది చరిత్రకారులకు రుచింపలేదు. భాషాంతరీకరణములో తప్పు దొరలినదని కొందరును, ఆ సాక్షులు కాలమును దిక్కును సరిగా చెప్పలేరని కొందరును త్రోసిపుచ్చిరి. దానికి బదులుగా గుట్టపై కడవరకు నిలిచి పోరాడిన వీరుల చిత్రము ప్రజల మనస్సులో నాటుకొన్నది. 1896లో ఒక బీరు కంపెనీ ముద్రించి పానశాలలకు పంచిన అట్టి చిత్రము గ్రంథములకంటె ఎక్కువమందిని నమ్మించినది.

1983 ఆగస్టులో ఆ యుద్ధభూమిపై కార్చిచ్చు చెలరేగి గడ్డిని పొదలను కాల్చివేసినది. నేల బయటపడుటచే సశాస్త్రీయమైన పరిశీలన సాధ్యమైనది. డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అను పురాతత్త్వజ్ఞులు 1984, 1985 సంవత్సరములలో ఆ పని చేసిరి. వారి పద్ధతిని మన పరిశోధక విద్యార్థులు గమనింపవలెను. లోహశోధక యంత్రముల వాడుకలో నేర్పరులైన స్వచ్ఛంద సేవకులు కొలిచిన ఎడములతో వరుసగా నిలిచి నడచిరి. ధ్వని వినవచ్చిన ప్రతిచోట ఒక చిన్న జెండాను నాటిరి. వారి వెనుక వచ్చినవారు జాగ్రత్తగా మట్టిని తీసి వస్తువును కదల్పక ఉంచిరి. దాని స్థానమును, లోతును, గుండైనచో అది చొచ్చుకొనివచ్చిన దిక్కును కొలిచి వ్రాసిన పిదపనే దానిని తీసి సంచిలో వేసిరి. యంత్రము చేసిన పని జెండా నాటుటవరకే. పరిశోధన అంతయు ఆ తరువాతిది.

తుపాకి గుఱ్ఱము తూటా అడుగున వేయు ముద్ర ప్రతి తుపాకికిని వేరుగా నుండును. నేరపరిశోధకు లెరిగిన ఈ సూత్రమును స్కాట్ బృందము పాత తూటా తొడుగులకు వర్తింపజేసినది. ఒకే ముద్ర గల తొడుగులు రెండు చోట్ల దొరకినచో, అదే తుపాకి ఒకచోటినుండి మరియొకచోటికి కదలినదని తేలును. ఇట్లు నూరేండ్లకు పైబడిన పిదప ఒక్కొక్క తుపాకి నడకను పటముపై గీయుట సాధ్యమైనది.

ఫలితములలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది, సైనికులు ఒక్కొక్క తూటా పెట్టి పేల్చు స్ప్రింగ్‌ఫీల్డు కార్బైనులతోను, కోల్టు పిస్తోళ్ళతోను పోరాడగా, ఎదుటిపక్షమువారు నలువదికి పైగా రకముల తుపాకులు వాడిరి. వానిలో వరుసగా పలుమారు పేల్చగల హెన్రీ, వించెస్టరు తుపాకులు విరివిగా నుండెను. రెండవది, కాల్‌హూన్ గుట్టయందు సైనికుల తూటా తొడుగులు ఎడమెడముగా వరుసలో దొరకుటచే అక్కడ క్రమశిక్షణతో వరుసకట్టి పోరాడినట్లు తెలిసినది. ఆ వరుసకు ఆగ్నేయ దిశయందలి మెట్టపై హెన్రీ తుపాకుల తొడుగులు గుమిగూడి దొరకినవి. మూడవది, 'కడపటి నిలకడ' జరిగినదని ప్రసిద్ధికెక్కిన గుట్టపై సైనికుల తొడుగులు ఆ కీర్తికి తగినన్ని దొరకలేదు. నాలుగవది, వేడెక్కిన తొడుగులు తుపాకిలో ఇరుక్కొనుటయే అపజయమునకు కారణమను పాత వాదమునకు బలము తగ్గినది. కత్తితో పెకలించిన గీతలు గల తొడుగులు కొద్దిశాతము మాత్రమే యుండెను.

వీనినుండి ఫాక్స్ 1993లో వెలువరించిన గ్రంథమున, సైనిక క్రమము మొదట నిలిచి, పిమ్మట చెదరి, తుదకు చిన్నచిన్న గుంపుల పతనముగా ముగిసినదని నిర్ణయించెను. ఇది యోధులు చెప్పిన కథకు సన్నిహితమైనది. వ్రాత లేనివారి మాటగా నూరేండ్లు పక్కకు నెట్టబడిన సాక్ష్యమునకు ఇత్తడి తొడుగులు జామీను నిలిచినవి. 1890లో నాటిన పాలరాతి గుర్తులును పరిశీలనకు వచ్చినవి. చనిపోయినవారు సుమారు 210 మంది కాగా ఆ భూమిపై నాటిన గుర్తులు దాదాపు 250. జంటగా నున్న గుర్తుల చెంత త్రవ్వగా అనేకచోట్ల ఒక్క మనిషి అస్థిశేషములే కనబడినవి. ప్రభుత్వము నాటినదైనను స్మారకశిల సైతము సరిచూడదగిన సాక్ష్యమే యని దీనివలన తేలుచున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ముద్ర తుపాకిని గుర్తించును గాని చేతిని గుర్తింపదు. కార్బైను తొడుగు దొరకినంతమాత్రమున అక్కడ సైనికు డున్నాడని చెప్పలేము. చచ్చినవాని చేతినుండి తీసికొన్న కార్బైనును యోధుడే పేల్చియుండవచ్చును. 1984కు ముందు నూరేండ్లపాటు దర్శకులు ఏరుకొనిపోయిన వస్తువుల లెక్క ఎవరికిని తెలియదు. గుట్టపై తొడుగులు తక్కువగా దొరకుటకు ఆ ఏరివేత కొంత కారణము కావచ్చునని అన్నవారు కలరు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. జ్ఞాపకార్థము ఒక తూటాను జేబులో వేసికొనిన దర్శకుడు తానొక పుటను చింపుచున్నానని ఎరుగడు.

కాల్‌క్రీజ: యుద్ధస్థల నిర్ణయము

రెండవ ఉదాహరణము జర్మనీలోనిది. క్రీ.శ. 9లో రోమను సేనాని వారుస్ అధీనమున నున్న మూడు లీజియనులు ఆర్మీనియస్ నాయకత్వమున జర్మానిక జాతులచేత నాశనము చేయబడినవి. ఆ స్థల మేదియో నిర్ణయించుటకు శతాబ్దులుగా పండితులు వాదములు చేసిరి. 1885లో థియొడోర్ మామ్‌సెన్, ఓస్నాబ్రూక్ సమీపమున దొరకిన నాణెములనుబట్టి ఆ పరిసరములే యుద్ధస్థలమని ప్రతిపాదించెను. సైనిక వస్తువులు దొరకకపోవుటచే ఆ వాదమునకు బలము చాలలేదు.

1987లో టోనీ క్లన్ అను బ్రిటిషు సైన్యాధికారి, ఆ ప్రాంతపు పురాతత్త్వాధికారి వోల్ఫ్‌గాంగ్ ష్లూటర్ అనుమతితో, లోహశోధక యంత్రము చేతబట్టి కాల్‌క్రీజ వద్ద వెదకి, రోమను వెండినాణెముల నిధిని కనుగొనెను. నాణెములు బాటసారియు పారవేసికొనవచ్చును, వర్తకుడును పాతిపెట్టవచ్చును. కావున వాదము ఇంకను తీరలేదు. 1988లో ఆయన మూడు సీసపు వడిసెల గుండ్లను కనుగొనెను. విలువలో నాణెములముందు అవి లెక్కకు రావు. సాక్ష్యములో నాణెములకంటె అవియే గొప్పవి. వడిసెల గుండు వర్తకుని మూటలో నుండదు. అది సైన్యమునకు గుర్తు. 1989నుండి జరిగిన త్రవ్వకములలో ఆశ్వికుని ముఖకవచము, ఆయుధశకలములు, వారుస్ పేరు సూచించు ముద్ర వేసిన నాణెములు, గుంటలలో చేర్చిన అస్థులు లభించినవి.

ఇంతైనను అది క్రీ.శ. 9 నాటి స్థలమా, కొన్ని సంవత్సరముల పిదప జర్మానికస్ చేసిన దండయాత్రకు సంబంధించినదా యని వాదించువారు ఉన్నారు. దొరకిన కంచు, ఇత్తడి ముక్కలలోని సూక్ష్మధాతువుల పాళ్ళను, 19వ లీజియను పూర్వము విడిసిన శిబిరమందలి వస్తువులతో పోల్చిన రసాయనిక పరిశీలన 2022లో మొదటి పక్షమునకు మరికొంత బలమిచ్చినది. అయస్కాంతమునకు తగిలిన ధ్వనితో మొదలైన విచారణ రసాయనశాలలో ముందుకు సాగుట గమనింపదగినది. ముక్కలను విడివిడిగా అమ్మివేసియుండినచో ఈ పోలికకు తావు లేకుండెడిది.

ఫ్రొమెల్: పేరులేని మృతులు

పై రెండు ఉదాహరణములలో ప్రశ్న యుద్ధగతిని గూర్చినది, స్థలమును గూర్చినది. మూడవదానిలో ప్రశ్న మనుష్యులను గూర్చినది. 1916 జూలై 19, 20 తేదీలలో ఉత్తర ఫ్రాన్సునందలి ఫ్రొమెల్ వద్ద ఆస్ట్రేలియా 5వ డివిజను, బ్రిటిషు 61వ డివిజను జర్మను వరుసలపై దాడిచేసి విఫలమైనవి. ఒక్క రాత్రిలో ఆస్ట్రేలియా పక్షమున 5,533 మంది చనిపోయిరి, గాయపడిరి, లేక చెరచిక్కిరి. జర్మను వరుసల వెనుక పడిన శవములను జర్మనులే ఒక చిన్న వనము ప్రక్కన గోతులలో పూడ్చిరి. యుద్ధానంతరము శ్మశానములను కూర్చినవారికి ఆ గోతులు కనబడలేదు.

శవములను గుర్తించుటకు నాడున్న ఏర్పాటునందే లోప ముండెను. బ్రిటిషు సామ్రాజ్య సైనికుడు నాడు మెడలో ధరించినది ఒక్క గుర్తుబిళ్ళ మాత్రమే. మరణవార్త పంపుటకు దానిని తీసినచో శవము పేరులేనిదగును. తీయనిచో వార్త అందదు. రెండు బిళ్ళల ఏర్పాటు 1916 సెప్టెంబరులో, అనగా ఫ్రొమెల్ యుద్ధము ముగిసిన రెండు నెలలకు వచ్చినది. జర్మనులు మృతుల బిళ్ళలను, వస్తువులను సేకరించి రెడ్‌క్రాసు ద్వారా పంపిరి. వార్త చేరినది, శవములు పేరు లేకుండ మట్టిలో నిలిచిపోయినవి.

ఆస్ట్రేలియాలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు లాంబిస్ ఇంగ్లెజోస్, కనబడనివారి సంఖ్యకును శ్మశానములలోని అజ్ఞాత సమాధుల సంఖ్యకును పొసగుట లేదని గమనించి, మిగిలినవారు గోతులలోనే యున్నారని సంవత్సరములకొలది వాదించెను. 2007లో టోనీ పొలార్డ్ నాయకత్వమున గ్లాస్గో విశ్వవిద్యాలయ బృందము నేలను త్రవ్వక పైనుండియే పరిశీలించినది. లోహశోధక యంత్రమునకు ఆస్ట్రేలియాకు చెందిన పతకములు దొరకినవి. వానిలో నొకటి విక్టోరియా రాష్ట్రమందలి ఆల్బర్టన్ ప్రాంతపు పాలకమండలి, తమ ప్రాంతమునుండి సేనలో చేరిన యువకులకు బహూకరించినది.

ఈ పతకము మేము ముందు చెప్పిన నియమమునకు మంచి పరీక్ష. అది దుకాణములో దొరకియుండినచో ఒక దూరగ్రామపు జ్ఞాపికగా మాత్రమే నిలుచును. అది జర్మను వరుసల వెనుక, గోతులని అనుమానించిన చోట, యుద్ధకాలపు మట్టిపొరలో దొరకినది. జర్మను సైనికు డెవడైన దోచి పారవేసియుండవచ్చును గదా యను శంక తీరలేదు. కావున పతకమును తీర్పుగా గ్రహింపక, త్రవ్వి చూచుటకు తగిన హేతువుగా మాత్రమే గ్రహించిరి. 2008లో పరీక్షార్థము త్రవ్వగా అస్థులు కనబడినవి. 2009లో 250 మంది దేహములను వెలికితీసి, క్రొత్త శ్మశానమున ఒక్కొక్కరిని వేరువేరుగా ఖననము చేసిరి. 2010 జూలై 19న ఆ శ్మశానమును అంకితము చేసిరి. బంధువుల రక్తసంబంధమును డీఎన్‌ఏ పరీక్షలతో పోల్చి, సగమునకు మించినవారికి పేర్లను తిరిగి చేర్చగలిగిరి.

భారతీయులకు సంబంధించిన చిన్న ఉదంతము ఫ్రొమెల్‌కు దూరము కాని రిష్‌బూర్ గ్రామము చెంత జరిగినది. 2016లో అక్కడ నేల త్రవ్వుచుండగా సైనికుల అస్థిశేషములు బయటపడినవి. వారిలో ఇద్దరిని భుజముపైనుండిన '39' అను లోహపు గుర్తునుబట్టి 39వ గఢ్‌వాల్ రైఫిల్స్ సైనికులని నిర్ణయించిరి. ఆ దళమున కా సంఖ్య 1922 మార్పువరకే యుండెను. ఆ దళము 1914-15లో ఆ ప్రాంతమున పోరాడినది. సంఖ్య, కాలము, స్థలము మూడును ఒకచోట కలిసినవి. 2017 నవంబరులో వారిని లావాంటీ సైనిక శ్మశానమున ఖననము చేసిరి. వారి పేర్లు తెలియలేదు. ఆ రెండంకెల బిళ్ళను ముందే ఎవ్వరైన పెకలించి అమ్ముకొనియుండినచో వారు ఏ దేశమువారో యైనను తెలియకుండెడిది.

హాని, శాసనము

ఇంతవరకు చెప్పిన విజయములు అనుమతితో, కొలతతో, నిపుణుల కూటమితో జరిగినవి. అవి లేక యంత్రమును వాడువారివలన కలుగు హాని ఇంతకంటె తక్కువైనది కాదు. దొంగత్రవ్వకము చేయువాడు విలువగల బిళ్ళను గ్రహించి, తుప్పుపట్టిన మేకును గుండును పారవేయును. ఇనుపధ్వనిని వినబడకుండ యంత్రమును బిగించుకొనుట వారి వాడుక. యుద్ధభూమిలో ఇనుమే ముఖ్యమైన సాక్ష్యము గనుక వారి ఏరివేతవలన మిగిలిన నేలయు చదువరాని పుట యగును. ప్రపంచయుద్ధపు భూములలో ప్రేలని గుండ్లవలన ప్రాణాపాయమును కలదు.

ఈ విషయమున దేశములు వేరువేరు మార్గములు త్రొక్కినవి. ఫ్రాన్సు 1989 శాసనముచేత పురావస్తువులను వెదకుటకు అనుమతి లేకుండ ఈ యంత్రమును వాడుటను నిషేధించినది. ఇంగ్లండులో 1996 నిధి శాసనము తరువాత, దొరకిన వస్తువులను తమంతట తాము వచ్చి నమోదు చేయించుకొను పథకము 1997లో మొదలైనది. మొదటి మార్గమున నిర్బంధ మెక్కువ, రెండవదానిలో నమ్మక మెక్కువ. మన దేశమున 1878 నాటి నిధి శాసనము ప్రకారము, నేలలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలియజేయవలెను. రక్షిత స్థలములను 1958 శాసనము కాపాడుచున్నది. నూరేండ్లు నిండిన వస్తువులు సామాన్యముగా 1972 శాసనమున పురావస్తువు లగును. రక్షిత జాబితాలో చేరని పొలముల నడుమ నున్న యుద్ధభూమికి ఈ రక్ష పూర్తిగా అందదు.

మన యుద్ధకథలు

ఇక మన ప్రాంతమునకు వచ్చెదము. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధము జరిగినది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీల సేనలు పోరాడినవి. 1794 జూలై 10న పద్మనాభము వద్ద విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సేనలతో పోరి మరణించెను. ఈ మూడింటిని గూర్చి రెండు విధములైన సాక్ష్యము కలదు. ఒకటి కంపెనీ పక్షమున వ్రాసిన చరిత్ర, లేఖలు. రెండవది జనుల నోట నిలిచిన కథ, పాట. బొబ్బిలి విషయమున ఈ రెండవది ఎంత బలవంతమైనదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆ యుద్ధమును వర్ణించిన రాబర్ట్ ఓర్మ్ దానిని కన్నులార చూచినవాడు కాడు. జంగము కథకుడును చూచినవాడు కాడు. అయినను ఒకరి మాటను చరిత్ర యనియు, మరియొకరి మాటను కథ యనియు వ్యవహరించు అలవాటు మన గ్రంథములలో నున్నది. లిటిల్ బిగ్ హార్న్ ఈ అలవాటునే ప్రశ్నించినది.

లోహసాక్ష్యము ఇక్కడ ఏమి చెప్పగలదో ఊహించుట కష్టము కాదు. నాటి ఫ్రెంచి తుపాకి నాళము సుమారు 17.5 మిల్లీమీటర్లు, ఇంగ్లీషు తుపాకి నాళము సుమారు 19 మిల్లీమీటర్లు. గుండు నాళముకంటె కొంచెము చిన్నదిగా నుండును. కావున చందుర్తి పొలములలో సీసపు గుండ్లను స్థానముతో సహా లెక్కించి తూచగలిగినచో, ఎవరి కాల్పులు ఎక్కడ పడినవో గుర్తించుటకు వీలుండును. ఆ యుద్ధమున ఇంగ్లీషు పక్షపు సిపాయిలు ఎఱ్ఱకోట్లు ధరించియుండుటచే ఫ్రెంచివారు వారినే ఐరోపా సైనికులని భ్రమించి దాడి చేసిరని చరిత్రకారులు వ్రాసిరి. ఉడుపు మోసము చేయవచ్చును. గుండు పడినచోటు మోసము చేయదు. ఆ మాట నిజమేయైనచో ఫ్రెంచి గుండ్లు ఒక పార్శ్వమున గుమిగూడి యుండవలెను. బొబ్బిలిలో దేశీయుల తుపాకుల గుండ్లు పలుకొలతలలో నుండుటకును, ఫ్రెంచి సేనల గుండ్లు దాదాపు ఒకే కొలతలో నుండుటకును అవకాశమున్నది. ఆ భేదమే కోటలోపలి పోరు ఎచ్చట దట్టమైనదో చూపగలదు.

దీనివలన కథయంతయు నిజమగునని మేము చెప్పుట లేదు. గుండు పాపారాయని శౌర్యమును చెప్పదు, రాణివాసపు దుఃఖమును చెప్పదు. అది దిక్కును, సంఖ్యను, సాంద్రతను మాత్రమే చెప్పును. కాని కథలో దిక్కునకు, స్థలమునకు, క్రమమునకు సంబంధించిన భాగము లున్నవి. వానిని విడదీసి సరిచూచుట సాహిత్య పరిశోధకుని పని. పాఠాంతరములను పోల్చునప్పుడు ఏ పాఠము స్థలమునకు సన్నిహితమో తెలిసికొనుటకు మట్టిని మించిన ప్రతి దొరకదు.

ఆ పని యంత్రముతో మొదలు కాదు. పాఠములను సేకరించుట, పటములను చూచుట, పొలముల పేర్లను, దిబ్బల పేర్లను గ్రామవృద్ధుల నడిగి వ్రాసికొనుట ముందు జరుగవలెను. పిమ్మట పురావస్తుశాఖ అనుమతి, రైతు సమ్మతి, కొలతల ఏర్పాటు కావలెను. యంత్రము చిట్టచివరిది. విద్యార్థి యెవ్వడును ఉత్సాహముచే ఒంటరిగా యంత్రము గొని పొలమునకు పోరాదు. అతడు తెచ్చు బిళ్ళకంటె అతడు చెరుపు స్థానము విలువైనది.

కాలము మాత్రము మనకొరకు ఆగుట లేదు. ట్రాక్టరు నాగలి ఏటేట మట్టిని తిరుగవేయుచున్నది, పొలములు ఇండ్లస్థలము లగుచున్నవి, ఎరువుల లవణములు సీసమును ఇత్తడిని తినివేయుచున్నవి. శాసనము శిలపై నుండుటచే కొంతకాల మోర్చుకొన్నది. తూటాకు ఆ ఓర్పు లేదు. రిష్‌బూర్ మట్టిలో నూరేండ్లు నిలిచిన రెండంకెలు ఇద్దరు గఢ్‌వాలీలకు వారి పటాలమును తిరిగి యిచ్చినవి. పద్మనాభమున పడినవారికి అట్టి రెండంకెల బిళ్ళయైనను లేదు. వారు నిలిచిన చోటే వారికి మిగిలిన గుర్తు. ఆ చోటు చెదరకముందే దానిని చదువుకొనుట మన బాధ్యత.